చావు శిక్ష కాని ఆట: యమదూత కథతో రోల్ ప్లేయింగ్ గేమ్ తయారుచేయడం

(చిన్న గేమ్‌లు తయారుచేసేవాళ్ళ కోసం తెలుగులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. చనిపోయినవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళే యమదూత హీరోగా, కథే ప్రధానంగా, ఇద్దరు ముగ్గురు కలిసి చేసే రోల్ ప్లేయింగ్ గేమ్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ఇంజిన్, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆర్‌పీజీ మేకర్ ఎమ్‌జెడ్ అనుకోండి. కోడ్ పెద్దగా రాయని రచయితకి అందులో దారి దొరుకుతుంది. వేరే ఇంజిన్ వాడేవాళ్ళకీ చిక్కులు దాదాపు ఇవే వస్తాయి, మెనూల పేర్లు మారతాయంతే.

రోల్ ప్లేయింగ్ గేమ్ అంతా ఒక భయం మీద నిలబడి ఉంటుంది. హెచ్‌పీ, అంటే పాత్రకి మిగిలిన ప్రాణశక్తి, సున్నా అయితే ఆట అయిపోయినట్టే. కత్తి కొనడం, లెవెల్ పెంచుకోవడం, మందు సీసాలు దాచుకోవడం, ఇవన్నీ ఆ సున్నాకి దూరంగా ఉండటానికే. ఇంజిన్‌లో డేటాబేస్ తెరిచి స్టేట్స్, అంటే పాత్రకి కలిగే స్థితుల జాబితా చూడండి. మొట్టమొదటి స్టేట్ నాకౌట్, అంటే పడిపోవడం. దాని పేరు మీరు మార్చుకోవచ్చు, బొమ్మ మార్చుకోవచ్చు. కానీ హెచ్‌పీ సున్నా అయినవాడికి ఒకటో స్టేట్ అంటుకోవాలని ఇంజిన్ లోపల రాసి ఉంది. చావంటే ఓటమి అనే అభిప్రాయం పరికరంలోనే ఉందన్నమాట.

ఇప్పుడు మీ హీరోయే యమదూత. అతని చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇప్పటికే చనిపోయారు. ఇక చావుతో ఎవర్ని బెదిరిస్తారు? ఇక్కడ జవాబు వెతక్కుండా మామూలు యుద్ధాలు, మామూలు గేమ్ ఓవర్ పెట్టేస్తే కథ ఒకటి చెబుతుంది, ఆట ఇంకొకటి చెబుతుంది. అందుకే కథ రాయకముందే, మ్యాప్ గీయకముందే ఒక ప్రశ్న తేల్చుకోండి: ఈ ఆటలో ప్లేయర్ పోగొట్టుకునేది ఏమిటి?

దీనికి మంచి జవాబులు ఇప్పటికే ఉన్నాయి. 2020లో సూపర్‌జెయింట్ గేమ్స్ విడుదల చేసిన హేడీస్ తీసుకోండి. అందులో చావంటే ఇంటికి తిరిగి రావడం. హీరో జాగ్రియస్ ఎక్కడ చచ్చినా పాతాళంలోని తండ్రి ఇంట్లో, రక్తపు కొలనులోంచి మళ్ళీ పైకి లేస్తాడు. గుమ్మం దగ్గర నిద్రకి దేవుడైన హిప్నోస్ ఉంటాడు. ఈసారి నిన్ను ఎవరు చంపారో చూసి దాని మీద మాట్లాడతాడు. చచ్చిన ప్రతిసారీ కొత్త మాట వినపడుతుంది కాబట్టి ఓడినా కథ ముందుకే కదులుతుంది. కాకపోతే దీని వెనక 20 వేలకు పైగా డైలాగులున్నాయి. పరిస్థితిని బట్టి వాటిలో ఏది ముందు పలకాలో ఎంచుకునే వ్యవస్థ ఉంది. అది ముగ్గురు మోయగలిగే బరువు కాదు. దాని పద్ధతి చూసి నేర్చుకోండి, పరిమాణం జోలికి వెళ్ళకండి.

ఎస్టోనియాకు చెందిన ప్లేస్‌హోల్డర్ గేమ్‌వర్క్స్ అదే ఏడాది తెచ్చిన డెత్ అండ్ టాక్సెస్ ఇంకో దారి పట్టింది. అక్కడ యమదూత ఆఫీసు ఉద్యోగి. బల్ల మీదికి మనుషుల ఫైళ్ళు వస్తాయి. ఎవరు పోవాలో ఎవరు ఉండాలో గుర్తు పెట్టాలి. పైఅధికారి పేరు ఫేట్, అంటే విధి. ఇక్కడ మీరు పోగొట్టుకునేది లోకం బాగోగులు. చిన్న టీమ్‌కి ఇది చవకైన నిర్మాణం, ఎందుకంటే ఒక గది, ఒక బల్ల, కొన్ని కాగితాలు ఉంటే ఆట నడుస్తుంది. 2021లో వచ్చిన డెత్స్ డోర్‌లో యమదూత ఒక కాకి. అప్పగించిన ఆత్మని తెచ్చి ఇచ్చేదాకా దాని తలుపు తెరిచే ఉంటుంది, తలుపు తెరిచి ఉన్నంతసేపూ కాకికి వయసు పైబడుతుంది. అంటే అక్కడ ఖర్చయ్యేది ఆయుష్షు.

నా దృష్టిలో అందరికంటే లోతుగా ఆలోచించింది మాంట్రియల్‌లోని థండర్ లోటస్. వాళ్ళ స్పిరిట్‌ఫేరర్ కూడా 2020లోనే వచ్చింది. అది అచ్చంగా రోల్ ప్లేయింగ్ గేమ్ కాదు, పడవ నడుపుకునే ఆట. అయినా మనకి అవసరమైన పాఠం అందులో ఉంది. స్టెల్లా అనే అమ్మాయి, గ్రీకు కథల్లో మృతుల్ని నది దాటించే కేరన్ దగ్గర్నుంచి పడవ తీసుకుని, ఆత్మల్ని ఎక్కించుకుని, వాళ్ళకి వండిపెట్టి, ఇళ్ళు కట్టి, సిద్ధమైనవాళ్ళని ఎవర్‌డోర్ అనే ద్వారం దగ్గర దింపుతుంది. స్టెల్లా ఆటలో చావదు. ఆత్మ వెళ్ళిపోయాక దాని ఇల్లు పడవ మీదే ఉండిపోతుంది, అందులో ఒక పువ్వు మిగులుతుంది. పడవకి మంచుని, రాళ్ళని చీల్చుకుని వెళ్ళే శక్తి రావాలంటే ఆ పువ్వులే కావాలి. అంటే ఎవర్నీ సాగనంపకపోతే పడవ కొత్త నీళ్ళలోకి వెళ్ళలేదు. ఇష్టమైనవాళ్ళని వదులుకుంటేనే దారి తెరుచుకుంటుందనే మాట ఏ పాత్రా నోటితో చెప్పదు, పువ్వుల లెక్కే చెబుతుంది. మీ గేమ్‌లో ఇలాంటి లెక్క ఒక్కటి దొరికితే సగం పని అయినట్టే.

ఇప్పుడు మన గేమ్. ఒక నమూనా అనుకుందాం. ఆరుగురు ఆత్మలు. దారిలో వాళ్ళే మీ పార్టీ, అంటే వెంట నడిచే బృందం, వాళ్ళే మీ తరఫున పోరాడేవాళ్ళు. ఒక్కొక్కరినీ సాగనంపినప్పుడు వాళ్ళ నైపుణ్యం మీ చేతిలోంచి పోతుంది. చివరి ఘట్టంలో యమదూత ఒక్కడే మిగులుతాడు. ఇక్కడ పోగొట్టుకునేది తోడు.

కాగితం మీద ఇది బాగుంటుంది. ఆడేవాళ్ళ చేతిలో పెట్టగానే ఒకటి జరుగుతుంది: బలమైన ఆత్మని ఎవరూ సాగనంపరు. వైద్యం చేసే ఆత్మని చివరిదాకా అంటిపెట్టుకుని, బలహీనుల్ని ముందు పంపేస్తారు. వీడ్కోలు కాస్తా లెక్కల వ్యవహారం అయిపోతుంది. దీనికి విరుగుడు రెండు వైపుల నుంచి పెట్టాలి. వెళ్ళే ఆత్మ తన నైపుణ్యంలో కొంత భాగాన్ని యమదూతకి శాశ్వతంగా ఇచ్చి వెళ్ళాలి. వైద్యం చేసేది అయితే ప్రతి టర్న్‌కీ కొద్దిగా హెచ్‌పీ తిరిగి రావడం, కాపలా కాసేది అయితే రక్షణ కొంత పెరగడం. రెండో వైపు, సిద్ధమైన తర్వాత కూడా ఆపి ఉంచిన ఆత్మకి ఆ నైపుణ్యం వాడే ఖర్చు అధ్యాయానికి కొంత చొప్పున పెరగాలి. చివరి యుద్ధాన్ని యమదూత ఒక్కడూ, ఆరు వరాలూ ఉన్నాయనుకుని తూకం వేయండి. నలుగురు ఉన్న పార్టీకి తూచి తర్వాత తగ్గిద్దామనుకుంటే ఎప్పటికీ కుదరదు.

వీడ్కోలు సీన్‌లో ఇంజిన్ చేసే ఒక పని చాలామందికి తెలియదు. చేంజ్ పార్టీ మెంబర్ కమాండ్‌తో ఒకరిని తీసేస్తే, వాళ్ళ ఒంటి మీదున్న ఆయుధం, కవచం, ఉంగరం వాళ్ళతోనే మాయమవుతాయి. ప్లేయర్ అప్పుడే కష్టపడి కొన్న కత్తి పోతుంది. కన్నీళ్ళు రావాల్సిన చోట కోపం వస్తుంది. అందుకే తీసేయడానికి ముందు చేంజ్ ఎక్విప్‌మెంట్ కమాండ్‌తో ఐదు స్థానాలనీ ఒక్కొక్కటిగా ‘ఏదీ లేదు’ అని మార్చండి. అప్పుడు వస్తువులు సంచిలోకి తిరిగి వస్తాయి. కావాలని ఒక్కటి మాత్రం వదిలేయండి. ఆ ఆత్మ కథకి సంబంధించిన వస్తువు ఆక్సెసరీ స్థానంలో ఉంటే, అది దానితోనే వెళ్ళిపోనివ్వండి. తర్వాత సంచి తెరిచి చూసినప్పుడు అది లేదని ప్లేయర్‌కి తెలుస్తుంది. ఆ వెలితి ఏ డైలాగూ ఇవ్వలేదు.

యుద్ధంలో ఓడితే ఏం జరగాలి? బ్యాటిల్ ప్రాసెసింగ్ కమాండ్‌లో ‘కెన్ లూజ్’ అని ఒక పెట్టె ఉంటుంది. అందులో టిక్ పెడితే గేమ్ ఓవర్ రాదు, ఓడినప్పుడు ఏం చేయాలో చెప్పే శాఖ తెరుచుకుంటుంది. అక్కడ రెండు జాగ్రత్తలు. పడిపోయినవాళ్ళు ఒక్క హెచ్‌పీతో లేస్తారు, కాబట్టి వెంటనే అందరి హెచ్‌పీ నింపే రికవర్ ఆల్ కమాండ్ పెట్టండి. లేకపోతే పక్కనున్న చిన్న శత్రువే మళ్ళీ పడగొడతాడు. రెండోది ఇంకా ముఖ్యం: ఈ టిక్ మీరు ఈవెంట్‌లో, అంటే మ్యాప్ మీద రాసిపెట్టిన ఘటనలో, పెట్టిన యుద్ధాలకే పనిచేస్తుంది. మ్యాప్ సెట్టింగ్స్‌లో ఇచ్చే ర్యాండమ్ ఎన్‌కౌంటర్లకి, అంటే నడుస్తుంటే హఠాత్తుగా మొదలయ్యే యుద్ధాలకి, పనిచేయదు. వాటిలో ఓడితే ఇంజిన్ నేరుగా గేమ్ ఓవర్‌కే తీసుకెళ్తుంది. చావులేని యమదూత అడవిలో ఒక గబ్బిలం చేతిలో చచ్చి టైటిల్ స్క్రీన్‌కి వెళ్ళడం, ఇలాంటి గేమ్‌లలో తొందరగా బయటపడే లోపం. ర్యాండమ్ ఎన్‌కౌంటర్లు పూర్తిగా తీసేయమనే నా సలహా. శత్రువులు మ్యాప్ మీద కనపడాలి, తాకితే యుద్ధం మొదలవ్వాలి. ఓడిన శాఖలో శిక్షగా డబ్బు తీసుకోకండి. మీరు ముందు తేల్చుకున్న నష్టం ఏదుందో, దాన్నే తీసుకోండి. మన నమూనాలో అయితే ఒక పూట గడిచిపోతుంది, ఏదో ఒక ఆత్మ తన జ్ఞాపకాల్లో ఒకదాన్ని పోగొట్టుకుంటుంది.

చిట్టా రాసుకునే పద్ధతికి వద్దాం. ఒక్కో ఆత్మ కథ ఎంతవరకు వచ్చిందో గుర్తుపెట్టుకోవడానికి కొత్తవాళ్ళు స్విచ్‌లు, అంటే అవును-కాదు అని మాత్రమే గుర్తుంచుకునేవి, వాడతారు. కలిశాం, మొదటి పని అయింది, రహస్యం తెలిసింది, ఒప్పుకుంది, వెళ్ళింది: ఐదు స్విచ్‌లు. ఐదు స్విచ్‌లకి 32 రకాల పరిస్థితులు సాధ్యం. వాటిలో మీ కథకి అర్థమున్నవి ఆరు. మిగతా 26లో ఏదో ఒకదాంట్లోకి ఆట జారుకుంటే, వెళ్ళిపోయిన ఆత్మ మళ్ళీ వచ్చి మొదటి పని అడుగుతుంది. స్విచ్‌ల బదులు ఒక్కో ఆత్మకి ఒక్క వేరియబుల్, అంటే అంకె దాచుకునే గడి, పెట్టండి, దానికి ‘దశ’ అని పేరు పెట్టి సున్నా నుంచి ఐదు దాకా పెంచండి. మొదటి ఆత్మకి 101 నుంచి 110 వరకు, రెండో ఆత్మకి 111 నుంచి 120 వరకు నంబర్లు కేటాయించండి. 101 దశ, 102 నమ్మకం, 103 వీడ్కోలు ఎలా జరిగిందనేది. మిగతా ఏడూ ఖాళీగా ఉంచండి, అవసరం పడి తీరుతుంది.

ఈవెంట్ పేజీల్లో వేరియబుల్ షరతు ‘ఇంత లేదా ఇంతకంటే ఎక్కువ’ అనే ఉంటుంది, ‘సరిగ్గా ఇంత’ అని ఉండదు. షరతు కుదిరిన పేజీల్లో పెద్ద నంబర్ ఉన్నదాన్నే ఇంజిన్ తీసుకుంటుంది. కాబట్టి దశలు పెరిగే క్రమంలోనే పేజీలు పేర్చితే చాలు, ఇంకేమీ చూసుకోనక్కర్లేదు. ఆఖరి పేజీ ఖాళీగా, బొమ్మ లేకుండా ఉండాలి. అది మరిచిపోతే సాగనంపిన ఆత్మ పాత చోటే నిలబడి ఉంటుంది. ఆటోరన్ పెట్టిన, అంటే దానంతటదే మొదలయ్యే సీన్ చివర్లో దశ పెంచడమో, సెల్ఫ్ స్విచ్ (ఆ ఒక్క ఈవెంట్‌కే చెందిన స్విచ్) వేయడమో చేయకపోతే ఆ సీన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, ప్లేయర్ కదల్లేడు.

పరలోకం ఎక్కడిది అనే ప్రశ్నకి చాలామంది నల్ల ముసుగు, కొడవలి దగ్గరే ఆగిపోతారు. మనకి తయారుగా ఒక దారి పటం ఉంది. గరుడ పురాణంలో జీవుడు యమపురికి చేరడానికి ఏడాది పడుతుంది, దారిలో 16 పురాలు వస్తాయి. మొదటిది సౌమ్యపురం, అక్కడ పుష్పభద్ర నది, పెద్ద మర్రిచెట్టు. మధ్యలో వైతరణి. నెలనెలా ఇంటివాళ్ళు పెట్టే పిండమే దారిలో అతని ఆహారం. గేమ్ చేసేవాళ్ళ కళ్ళతో ఇది చూడండి: ప్రయాణానికి కావాల్సిన వనరు ప్లేయర్ చేతిలో లేదు, బతికున్నవాళ్ళు తలుచుకోవడం మీద ఆధారపడి ఉంది. ఒక ఆత్మకి ప్రతి ఊళ్ళో ఆహారం అందుతుంది. ఇంకొకరికి మూడో నెల నుంచి ఏమీ రాదు. మరి నా అన్నవాళ్ళు లేనివాడి సంగతేంటి? వాడిని మోయాల్సింది తోటి ఆత్మలు, అంటే మీ పార్టీ. ఒకరికి వచ్చింది ఇంకొకరికి పంచే మెనూ పెడితే, ఎవరు పంచుతారో ఎవరు పంచరో అదే పాత్రల స్వభావం చెబుతుంది.

పదహారు పురాలూ మీరు గీయలేరు, నాలుగు చాలు. మృతులు నాలుగేళ్ళు నడిచే ప్రయాణం మీద 1998లో లూకస్‌ఆర్ట్స్ గ్రిమ్ ఫాండాంగో చేసినప్పుడు ఆట మొత్తాన్ని ఏడాదికొకటి చొప్పున నాలుగు భాగాలుగానే కట్టారు. నరక శిక్షల జాబితా మొత్తం తెచ్చి బొమ్మలు గీస్తే మాత్రం గేమ్ స్వరూపమే మారిపోతుంది. చూసేవాడి దృష్టి చనిపోయిన మనిషి మీద నుంచి శిక్ష మీదికి పోతుంది.

ఆత్మల రాత గురించి. లెక్క ముందు వేసుకోండి. ఆరుగురు ఆత్మలు, ఒక్కొక్కరికి ఐదు సీన్లు, సీన్‌కి 25 డైలాగ్ పెట్టెలు: 750 పెట్టెలు. పెట్టెకి 12 మాటలనుకుంటే 9 వేల మాటలు. నమ్మకం ఎంతుందో బట్టి మారే మాటలకి ఇంకో సగం కలిపితే 13 వేల పైచిలుకు. ఇద్దరు రాయగలిగేది, ముగ్గురు సరిచూడగలిగేది అంతే. ఏడో ఆత్మ ఆలోచన వస్తే రాసి దాచుకోండి, గేమ్‌లోకి తేకండి.

ఇలాంటి కథల్లో పెద్ద తప్పు, ప్రతి ఆత్మకీ ఒకే అచ్చు వాడటం: ఒక పశ్చాత్తాపం, ఒక క్షమాపణ, ఒక వెలుగు. మూడో ఆత్మకల్లా ప్లేయర్ ముందే ఊహించేస్తాడు. స్పిరిట్‌ఫేరర్‌లో అతుల్ అనే కప్ప ఉంటాడు, తిండిప్రియుడు, అందర్నీ నవ్విస్తుంటాడు. అతను ద్వారం దాకా రాడు. అందరూ కలిసి భోంచేశాక ఒకరోజు పడవ మీద కనపడడు, అంతే. ఆలిస్ అనే పెద్దావిడకి మతిమరుపు ముదిరి, స్టెల్లాని తన కూతురనుకుంటుంది. బక్ అసలు వెళ్ళనే వెళ్ళడు. వీడ్కోళ్ళు ఒకదానిలా ఒకటి లేవు కాబట్టే గుర్తుండిపోతాయి.

పాత్రని పట్టుకోవడానికి చావు కారణం దగ్గర మొదలుపెట్టకండి, తీరని చిన్న బాకీ దగ్గర మొదలుపెట్టండి. ఒక ఉదాహరణ. ఆర్టీసీ కండక్టర్ ఆత్మ. చిల్లర లేక టికెట్ వెనకాల బాకీ రాసి ఇవ్వడం ఆయన రోజూ చేసిన పని. ఆయన్ని పట్టి ఉంచింది ఏడు రూపాయలు. డైలాగ్ పెట్టె ఇలా ఉంటుంది: “ఏడు రూపాయలు ఇయ్యాలె ఆమెకు. టికెట్ ఎనక రాసిచ్చిన. దిగేటప్పుడు ఆమె అడగలే. నేను పిల్వలే.” ఎలా చనిపోయాడో మూడో సీన్ దాకా చెప్పనక్కర్లేదు. ఆ ప్రయాణికురాలు మూడో పురంలో ఎదురవుతుంది. ఆమెకి ఆ ఏడు రూపాయలు గుర్తే లేవు. ఇచ్చాడా, ఇవ్వకుండా పక్కన కూర్చుని మాట్లాడాడా, ఎదురుపడకుండా తప్పుకున్నాడా అనేది 103లో ఒకటి, రెండు, మూడుగా నిలుస్తుంది. చివరి అధ్యాయంలో ఆయన వదిలిన టికెట్ల మిషన్ ఏ బల్ల మీద ఉందో ఆ అంకె చెబుతుంది. ఒక్కో ఆత్మ తన ప్రాంతపు యాసలోనే మాట్లాడాలి. ఆ ప్రాంతం వాళ్ళ చేత చదివించకుండా విడుదల చేయకండి.

ఇక తెలుగు అక్షరాలు. ఇక్కడ చాలా గేమ్‌లు ఆగిపోయి ఇంగ్లీషుకి మారిపోతున్నాయి, ఆ అవసరం లేదు. ‘స్త్రీ’ అనేది మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. డైలాగ్ పెట్టెలో మాటలు ఒక్కొక్కటిగా పడేటప్పుడు ఇంజిన్ ఒక్కో సంకేతాన్నీ విడిగా గీస్తుంది. ఫలితంగా వత్తులు పక్కకి పడతాయి, గుడులు చుక్కల వలయం మీద ఎక్కి కూర్చుంటాయి. ఫాంట్ మారిస్తే ఇది పోదు.

ఎమ్‌జెడ్‌లో తొందరగా అయ్యే మందు, ప్రతి వరస మొదట్లో వెనక్కి వాలిన గీత, దాని పక్కన ‘కంటే ఎక్కువ’ గుర్తు పెట్టడం. ఆ వరస మొత్తం ఒకేసారి గీయబడుతుంది, అక్షరాలు సరిగ్గా కలుస్తాయి. ఎమ్‌జెడ్‌కి ముందు వచ్చిన ఆర్‌పీజీ మేకర్ ఎమ్‌వీలో ఇది పనిచేయదు, అది వరసని ఒకేసారి చూపించినా లోపల విడివిడిగానే గీస్తుంది. అక్షరాలు మెల్లగా పడటమే కావాలంటే మెసేజ్ విండోలో ‘కెన్ బ్రేక్ హియర్’ అనే చిన్న ఫంక్షన్ ఉంది. ఇక్కడ ఆగవచ్చా అని అది ప్రతి సంకేతం తర్వాతా అడుగుతుంది. దానికి మూడు నియమాలు చేర్చండి. తర్వాతి సంకేతం విలువ (యూనికోడ్ నంబర్) 3134 నుంచి 3158 లోపు ఉంటే ఆగకూడదు, అవి గుణింతపు గుర్తులూ పొల్లూ. 3073 నుంచి 3075 ఉంటే ఆగకూడదు, అవి అరసున్న, సున్న, విసర్గ. ఇప్పుడే గీసింది 3149, అంటే పొల్లు అయ్యి, తర్వాతది 3093 నుంచి 3129 లోపు హల్లు అయితే ఆగకూడదు. ఇంజిన్‌కి అదనంగా చేర్చే ప్లగిన్ ఇంతే, పది వరసలు. దీనికి బ్రౌజర్‌లో తయారుగా ఉన్న అక్షర విభజన వాడదామనుకుంటే, పాత వెర్షన్లు ‘స్త్రీ’ని మూడు ముక్కలు చేస్తాయి, చూసుకోండి.

మన అక్షరాలకి పైన గుడి, కింద వత్తు. నాలుగు వరసల పెట్టెలో వత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. మూడు వరసలే వాడండి, వరస ఎత్తు పెంచండి. సంభాషణకి మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి సాదా ఫాంట్లు తీసుకోండి, వీటి లైసెన్స్ గేమ్‌లో పెట్టుకోనిస్తుంది. రామభద్ర లాంటి లావు ఫాంట్ టైటిల్‌కి బాగుంటుంది, డైలాగ్‌కి కాదు. వరస చివర మాట పట్టకపోతే ఇంజిన్ దానంతటదే కిందికి దింపదు, పెట్టె బయటికి పోతుంది. మన సమాసాలు పొడవు కాబట్టి ప్రతి పెట్టెనీ కంటితో చూడక తప్పదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: వీడ్కోలు నచ్చకపోతే ప్లేయర్ పాత సేవ్ తెరిచి మార్చుకుంటాడు కదండీ. దాన్ని ఆపాలా?

ఆపకండి. ఎమ్‌జెడ్‌లో మ్యాప్ మారినప్పుడు ఆటో సేవ్ అవుతుంది. వీడ్కోలు అయిన వెంటనే వేరే మ్యాప్‌కి పంపితే అది దానంతటదే నిలుస్తుంది. అంతకుమించి పాత సేవ్‌లు చెరిపే పని పెట్టుకోవద్దు. కరెంట్ పోయి ఆట మధ్యలో ఆగినవాడికి మీ పట్టుదల శిక్ష అవుతుంది. సాగనంపినవాళ్ళతో మళ్ళీ మాట్లాడాలని వెనక్కి వెళ్ళినవాడు మీ పాత్రని ఇష్టపడ్డవాడే.

ప్రశ్న: ఆరుగురిని ఏ వరసలోనైనా సాగనంపనిస్తే పరీక్షించడం ఎలా?

పూర్తిగా స్వేచ్ఛ ఇస్తే 720 వరసలు వస్తాయి. ఎవరూ ఆడి చూడలేరు. వైతరణికి ఇవతల ముగ్గురు, అవతల ముగ్గురు అని విడదీయండి. ఇవతల ఆరు వరసలు, అవతల ఆరు, మొత్తం 36. అందులోనూ మొదటి ముగ్గురి వరస నదితోనే ముగిసిపోయేట్టు రాస్తే, రెండు వైపులా విడివిడిగా పన్నెండు సార్లు ఆడితే సరిపోతుంది. అవతలి డైలాగుల్లో ఇవతలివాళ్ళ పేరు వచ్చిన ప్రతి పెట్టెనీ ఒక జాబితాలో రాసుకోండి. 103, 113, 123 విలువల్ని చేత్తో మార్చి ఆ పెట్టెలొక్కటే మళ్ళీ చూడండి. తప్పులు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.